దుబాయ్‌లో ఏ ఏరియాలో ఇల్లు తీసుకోవాలి?

దుబాయ్‌లో కొత్తగా ఉద్యోగం దొరికినవాళ్లని ఇల్లెక్కడ చూస్తున్నారని అడిగితే దాదాపు అందరూ రెండే లెక్కలు చెబుతారు. ఏడాదికి అద్దె ఎంత, ఆఫీసుకి దూరం ఎంత. రెండూ సంపాదించే మనిషి లెక్కలే. పొద్దున ఏడింటికి బయటపడి రాత్రి ఏడింటికి తిరిగొచ్చే మనిషికి ఆ ఇల్లు తిని పడుకునే చోటు మాత్రమే. పగలంతా ఆ ఇంట్లో, ఆ వీధిలో గడిపేది వేరేవాళ్లు. భార్య, బడి నుంచి మధ్యాహ్నానికే వచ్చేసే పిల్లలు, విజిట్ వీసా మీద వచ్చి రెండు నెలలుండే అమ్మానాన్న. ఏరియా ఎంపిక వాళ్ల దగ్గర మొదలవ్వాలి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఇంట్లో కారు నడపని మనిషి ఎవరో చూసి, ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో ముందు లెక్క వేయాలి. నర్సు ఉద్యోగం మీద భార్య వచ్చి, వెనకాల భర్త డిపెండెంట్ వీసా మీద వచ్చిన ఇళ్లూ తెలుగువాళ్లలో ఉన్నాయి. అక్కడ ఈ లెక్క ఆయనది.

ముందే ఒక మాట. గల్ఫ్‌కి వెళ్లిన తెలుగువాళ్లలో చాలామందికి ఈ ఎంపికే ఉండదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప వైపు నుంచి కంపెనీ వీసా మీద వెళ్లినవాళ్లని సోనాపూర్‌లోనో అల్ కూజ్‌లోనో జెబెల్ అలీలోనో ఉన్న క్యాంపుల్లో కంపెనీయే పెడుతుంది. ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు యజమాని ఇంట్లోనే ఉంటారు. ఈ అధ్యాయం సొంతంగా అద్దె కట్టుకునేవాళ్ల కోసం. అందులోనూ ఎక్కువ మాటలు కుటుంబాన్ని తెచ్చుకునేవాళ్ల గురించే.

కారు నడపని మనిషి అని ఎందుకన్నానంటే, మన దేశపు డ్రైవింగ్ లైసెన్సుని యూఏఈలో నేరుగా మార్చి ఇవ్వరు. అక్కడ పరీక్ష పాసవ్వాలి. క్లాసులు, పరీక్ష ఫీజులు, ఫెయిలైతే మళ్లీ ఫీజులు, అన్నీ కలిసి వేల దిర్హమ్‌లవుతాయి. ఇంట్లో ఒకరికి ఆ ఖర్చు పెట్టాక రెండో మనిషికి వాయిదా పడుతుంది. పైగా కారు ఒక్కటే ఉంటే అది ఆఫీసుకే పోతుంది. కాబట్టి మొదటి రెండేళ్లు ఇంట్లో ఉండే మనిషికి దక్కే ఊరు కాలినడకన చేరగలిగినంతే. పాలు, కూరగాయలు, మందుల షాపు, క్లినిక్, మెట్రో, పిల్లలు ఆడుకునే పార్కు ఆ నడకలో ఉన్నాయా లేవా అన్నదే అసలు ప్రశ్న.

నడక అన్నప్పుడు ఎండని మర్చిపోకూడదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఆరుబయట కూలి పని చేయించకూడదని అక్కడ ప్రభుత్వమే నిబంధన పెట్టింది. పిల్లల బస్సు వచ్చి ఆగేది కూడా ఇంచుమించు ఆ వేళకే. ఏజెంట్ "మెట్రోకి పది నిమిషాలే సార్" అంటాడు. ఆ పది నిమిషాలు జనవరివి. జూన్‌లో, చంకలో పిల్ల, చేతిలో లులూ సూపర్‌మార్కెట్ సంచులతో నడిచేటప్పుడు దారిలో నీడ ఉందా, రోడ్డు దాటడానికి సిగ్నల్ ఉందా, ఆరు లైన్ల రోడ్డు చుట్టూ తిరిగి రావాలా అన్నవి తేలతాయి. మ్యాపు మీద ఎదురుగా కనిపించినా హైవేకి అవతల ఉండి, చుట్టూ తిరిగితే గానీ అందని స్టేషన్లు దుబాయ్‌లో చాలా ఉన్నాయి. పేర్లనీ నమ్మకండి. స్టేషన్ పేరు అల్ నహ్దా అయినంత మాత్రాన నహ్దాలో ఇల్లున్న ప్రతివాళ్లకీ అది నడిచే దూరం కాదు.

ఈ కొలతతో చూస్తే కరామా ఏరియాని అంతమంది భారతీయులు ఎందుకు వదలరో అర్థమవుతుంది. పాత, పొట్టి భవనాలు. బాత్‌రూముల్లో గొట్టాలు పాతవి, బొద్దింకలతో పోరాటం ఉంటుంది, రాత్రి ఎనిమిది దాటితే కారు పెట్టడానికి చోటు దొరకదు. అయినా మెట్లు దిగితే కూరగాయల కొట్టు, టైలరు, ఇడ్లీ హోటలు, పంటి డాక్టరు, నగల షాపు. పక్కనే బుర్జుమాన్ స్టేషన్, అక్కడ రెడ్ లైన్, గ్రీన్ లైన్ రెండూ కలుస్తాయి. ఊద్ మేథా బడులు దగ్గర. భాష రాకపోయినా హిందీ ముక్కలతో రోజు గడిచిపోతుంది. మా ఊరినుంచి వచ్చిన పెద్దావిడని కరామాలో వదిలేస్తే వారంలో కొత్తిమీర బేరమాడుతుంది. అదే మెరీనాలో నలభయ్యో అంతస్తులో పెడితే కిటికీలోంచి సముద్రం చూస్తూ తిరుగు టికెట్ తేదీ లెక్కపెడుతుంది. అద్దం భవనాల మీద నాకు కోపం లేదు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, పిల్లలు లేక, వారాంతం బీచ్‌లో గడపాలనుకునేవాళ్లకి మెరీనా, జేఎల్‌టీ టవర్లు చక్కగా సరిపోతాయి. పగలంతా ఇంట్లో ఒక మనిషి ఉండే కుటుంబానికి మాత్రం అది ఖరీదైన ఒంటరితనం.

ఆ టవర్లలో ఇంకో చిక్కు వంటిల్లు. హాల్లోనే గోడ లేకుండా కలిసిపోయిన ఓపెన్ కిచెన్లు, ఎలక్ట్రిక్ పొయ్యిలు. ఫొటోల్లో బాగుంటాయి. ఎండుమిర్చి తాలింపు వేసిన రోజు ఆ ఘాటు సోఫా మీద కూర్చుంటుంది, చేపల పులుసు పెడితే మర్నాటి దాకా కదలదు. తలుపున్న వంటిల్లు, బయటికి గాలి లాగే ఎగ్జాస్ట్, గ్యాసు పొయ్యి. కుసైస్, నహ్దా, కరామా వైపు భవనాల్లో ఇవి తేలిగ్గా దొరుకుతాయి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మగవాళ్లు బాల్కనీలోకి వెళ్లి నిలబడతారు. ముందు వంటింట్లోకి వెళ్లండి.

బడి సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. గల్ఫ్‌లో ఉద్యోగం స్థిరం కాదు. దేరాలో ఉన్న ఆఫీసు వచ్చే ఏడాది జెబెల్ అలీ ఫ్రీ జోన్‌కి మారవచ్చు, మీరే కంపెనీ మారవచ్చు. పిల్ల మాత్రం సీటు దొరికిన బడిలో ఏళ్ల తరబడి చదువుతుంది. మంచి పేరున్న, ఫీజు అందుబాటులో ఉన్న సీబీఎస్‌ఈ బడుల్లో కేజీ తర్వాత సీటు దొరకడం కష్టం. అందుకని ఇల్లు ఆఫీసుకి దగ్గరగా తీసుకుని బడికి బస్సు పెట్టేకంటే, బడికి దగ్గరగా తీసుకుని ఆఫీసుకి మీరు ప్రయాణం చేయడం మేలు. ఉదయం ఆరింటికే బస్సెక్కే పిల్ల కోసం ఇల్లంతా నాలుగున్నరకి లేవాలి. పెద్దవాళ్లకి మెట్రోలో గంట పడితే కునుకు తీయొచ్చు, ఫోను చూసుకోవచ్చు. కుసైస్, ముహైస్నా, నహ్దా ప్రాంతంలో భారతీయ బడులు గుంపుగా ఉన్నాయి. కుసైస్‌కి గ్రీన్ లైన్ ఉంది. మధ్యతరగతి తెలుగు కుటుంబాలు అటే చేరడానికి కారణం ఈ రెండూ కలిసి రావడమే.

ఇక పక్క ఎమిరేట్ షార్జా. "దుబాయ్‌లో ఆ అద్దె ఎవడు కడతాడు, షార్జాలో తీసుకుంటే మిగిలిన డబ్బుతో హైదరాబాద్‌లో ప్లాట్ ఈఎంఐ కట్టొచ్చు" అనే మాట ప్రతి తెలుగు గుంపులోనూ వినిపిస్తుంది. అద్దె తక్కువ అన్నది నిజం. ఎంత మిగులుతుందో మాత్రం కాగితం మీద వేసుకోవాలి. షార్జాకి మెట్రో లేదు. కారులో వస్తే సాలిక్ టోల్ గేటు. 2025 జనవరి 31 నుంచి రద్దీ వేళల్లో, అంటే ఉదయం 6 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8 దాకా, ఒక్కో గేటుకి 6 దిర్హమ్‌లు. పోను ఒకటి, రాను ఒకటి దాటితే రోజుకి 12. నెలలో 22 పనిదినాలైతే 264. షేక్ జాయెద్ రోడ్డు మీదికి వెళ్లే పనుండి ఇంకో గేటు దాటితే 528. షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు, ఎమిరేట్స్ రోడ్డు మీద గేట్లు లేవు, అందుకే అందరూ అటే వెళ్తారు, అందుకే అవీ ఆగిపోతాయి. పెట్రోలు, ఆఫీసు దగ్గర పార్కింగ్ కలపండి. తర్వాత డబ్బులోకి మారని లెక్క: రోజూ రోడ్డు మీద గడిచే రెండు మూడు గంటలు. ఆ గంటల్లో పిల్లల హోంవర్కు ఎవరు చేయిస్తారు? ఇంట్లో ఉన్న మనిషే. చౌక అద్దెలో మిగతా భాగం ఆ మనిషి కడుతున్నట్టన్నమాట.

షార్జాలో ఇంకో మెలిక ఉంది. 2022 నుంచి యూఏఈలో ప్రభుత్వ ఆఫీసులకి శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం పూట పని. షార్జా మాత్రం శుక్రవారం కూడా కలిపి మూడు రోజుల సెలవు పెట్టుకుంది, అక్కడి ప్రైవేటు బడులూ అంతే. తండ్రి దుబాయ్ ఆఫీసులో, పిల్లలు షార్జా బడిలో ఉంటే శుక్రవారాలు పిల్లలు ఇంట్లో, తండ్రి పనిలో. కొందరికి ఇది వరం, ఇద్దరూ దుబాయ్‌లో ఉద్యోగం చేసేవాళ్లకి ప్రతి వారం తలనొప్పి.

అలాగని షార్జా వద్దనను. ఆఫీసు కుసైస్‌లోనో షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోనో ఉండి, పిల్లల్ని కూడా షార్జా బడిలోనే చేర్పిస్తే అది హాయిగా ఉండే ఊరు. అల్ మజాజ్ దగ్గర సరస్సు ఒడ్డున సాయంత్రం నడక, పెద్ద గదులు, పాత పరిచయాల ఇరుగుపొరుగు. నహ్దా రెండు ఎమిరేట్లలోనూ ఉంది. షార్జా నహ్దాలో ఇల్లు తీసుకుని దుబాయ్ వైపు నడిచివెళ్లి బస్సెక్కేవాళ్లు బోలెడంతమంది. ఇంట్లోవాళ్ల రోజులు ఒకదానికొకటి దూరంగా పడకుండా ఉంటే చాలు.

జెబెల్ అలీ వైపు పని ఉన్నవాళ్లకి డిస్కవరీ గార్డెన్స్ సహజమైన చోటు. పొట్టి భవనాలు, చెట్లు, నడిచి వెళ్లగల దూరంలో 2021లో మొదలైన మెట్రో, కాస్త దూరంలో ఇబ్న్ బతూతా మాల్. 2022 దసరాకి తెరిచిన హిందూ ఆలయం జెబెల్ అలీలోనే ఉంది కాబట్టి పెద్దవాళ్లకి ప్రతి శనివారం వెళ్లడానికి ఓ చోటు దొరుకుతుంది. ఇంటర్నేషనల్ సిటీలో అద్దె తక్కువ, కానీ అక్కడికి మెట్రో ఇంకా లేదు. బ్లూ లైన్ 2029లో వస్తుందని ప్రకటించారు. రాబోయే మెట్రోని చూపించి ఇప్పటి అద్దె పెంచి అడిగే ఏజెంట్లుంటారు. మీ ఒప్పందం ఏడాదికే అని గుర్తుపెట్టుకోండి.

మనవాళ్లు ఎక్కువున్న బిల్డింగు మంచిదా కాదా అని చాలామంది అడుగుతారు. రాత్రి రెండింటికి పిల్లకి జ్వరమొస్తే తలుపు కొట్టడానికి ఒక తెలుగు గుమ్మం ఉండటం చిన్న విషయం కాదు. అదే గుమ్మం మీ జీతం ఎంత, మీ అబ్బాయికి లెక్కల్లో ఎన్ని మార్కులు, ఊళ్లో ఎన్ని ప్లాట్లు కొన్నారన్న ఆరా కూడా తీస్తుంది. నా వరకు ఒకే వీధి చాలు, ఒకే ఫ్లోరు అక్కర్లేదు.

ఒంటరిగా ఉండేవాళ్ల మాట క్లుప్తంగా. బ్యాచిలర్ అనగానే చాలా భవనాల్లో ఇవ్వరు, "ఫ్యామిలీస్ ఓన్లీ" బోర్డు ఉంటుంది. మిగిలేది షేరింగ్ రూము, బెడ్ స్పేస్, ప్లైవుడ్ చెక్కతో హాలుని ముక్కలు చేసిన పార్టిషన్. 2025 జూన్‌లో రిగ్గా, మురక్కబాత్, సత్వా, రఫా, బర్షా ప్రాంతాల్లో దుబాయ్ మునిసిపాలిటీ ఈ పార్టిషన్ల మీద తనిఖీలకి దిగింది. అలాంటి చోట అడ్వాన్సు ఇచ్చినవాడు రాత్రికి రాత్రి సామానుతో రోడ్డున పడితే అడగడానికి కాగితం ఉండదు. యజమాని ఒప్పుకోకుండా అద్దెకున్నవాడు ఇంకొకరికి ఇవ్వడం చట్టప్రకారం చెల్లదు. రూము పంచుకున్నా సరే, ఆ ఇంటి ఎజారీలో, అంటే అద్దె ఒప్పందపు ప్రభుత్వ నమోదులో, నివాసితుడిగా మీ పేరు నమోదు చేయించండి. దానికి ఒప్పుకోనివాడి దగ్గర దిగకండి. రెండు వందల దిర్హమ్‌లు ఎక్కువైనా మెట్రోకి దగ్గరగా ఉండే బెడ్ స్పేస్ చూసుకోండి. అన్ని జోన్లకీ చెల్లే నెల పాస్ 350 దిర్హమ్‌లకి వస్తుంది, కారు కొనే ఆలోచన ఏడాది వాయిదా వేయొచ్చు.

డబ్బు విషయంలో కొత్తవాళ్లని కంగారుపెట్టేది మొదటి రోజు. ఏడాదికి 60 వేల దిర్హమ్‌ల ఇల్లనుకుందాం. ఏజెంట్ కమిషన్ సాధారణంగా 5 శాతం, అంటే 3 వేలు. ఫర్నిచర్ లేని ఇంటికి డిపాజిట్ మామూలుగా ఇంకో 5 శాతం, మరో 3 వేలు. కరెంటు, నీళ్ల సంస్థ దేవాకి డిపాజిట్ ఫ్లాటుకి 2 వేలు. అద్దె నాలుగు చెక్కుల్లో కడతానంటే మొదటి చెక్కు 15 వేలు. తాళం చేతికి రాకముందే 23 వేలు. తర్వాత నెలనెలా దేవా బిల్లులో హౌసింగ్ ఫీజు అని అద్దెలో 5 శాతం కలుస్తుంది, ఈ ఇంటికి నెలకి 250. చిల్లర్ ఎవరు కడతారో తప్పకుండా అడగండి. "చిల్లర్ ఫ్రీ" అంటే ఏసీ చల్లదనం ఖర్చు యజమానిది. కాకపోతే కూలింగ్ కంపెనీకి వేరే బిల్లు, చాలా చోట్ల వాడినా వాడకపోయినా నెలకింత అని కట్టాల్సిన భాగం కూడా ఉంటుంది. ఎండాకాలం రెండు నెలలు ఇండియాలో గడిపి తిరిగొచ్చినవాళ్లకి ఆ బిల్లు గుమ్మంలోనే ఎదురవుతుంది. కాబట్టి రెండు ఇళ్ల అద్దెలు పోల్చేటప్పుడు చిల్లర్, సాలిక్, బడి బస్సు, పార్కింగ్ అన్నీ కలిపిన మొత్తాన్ని పోల్చండి.

ఇల్లు నచ్చాక ఆ ఏరియాకి మూడు వేళల్లో వెళ్లండి: పనిదినం ఉదయం ఏడున్నరకి, మండే మధ్యాహ్నం, రాత్రి తొమ్మిది దాటాక. ఉదయం లిఫ్టు ముందు ఎంతమంది నిలబడ్డారో చూడండి. పొడవాటి టవర్లో మూడే లిఫ్టులుంటే బడి బస్సు తప్పడం ఖాయం. రాత్రి కారు ఎక్కడ పెడతారో తేలుతుంది. మిర్దిఫ్ లాంటి చోట విమానాల మోత ఎంతసేపుంటుందో అక్కడ కాసేపు ఉంటేనే తెలుస్తుంది. పెళ్లి సంబంధానికి ముందు వీధి చివర కిరాణా కొట్టులో ఆరా తీసినట్టు బిల్డింగు వాచ్‌మన్‌తో మాట్లాడండి. ఖాళీ చేసి వెళ్లినవాళ్లు ఎందుకు వెళ్లారు, ఏసీ చెడిపోతే ఎన్నాళ్లకి బాగుచేస్తారు అని అడగండి. 2024 ఏప్రిల్ 16 వానకి ఇక్కడ ఏమైందో కూడా అడగండి. 1949లో లెక్కలు మొదలుపెట్టాక యూఏఈలో అంత వాన పడలేదు. షార్జాలో కొన్ని వీధుల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి, దుబాయ్‌లో చాలా చోట్ల బేస్‌మెంట్ పార్కింగులు మునిగాయి. ఏ వీధిలో నీళ్లెంత నిలిచాయో ఏజెంట్ చెప్పడు, వాచ్‌మన్ చేత్తో చూపిస్తాడు.

కుటుంబం రాకముందే ఏడాది చెక్కులు రాసేయడం మగవాళ్లకి గొప్ప సరదా. సర్‌ప్రైజ్ అనుకుంటారు. ఫ్యామిలీ వీసాకి ఎజారీ కావాలి కాబట్టి ముందే తీసుకోక తప్పదని వాదిస్తారు కూడా. భార్యని ముందు విజిట్ వీసా మీద పిలిపించి, ఓ చిన్న హోటల్ అపార్ట్‌మెంట్లో దింపి, మూడు నాలుగు ఏరియాలు నడిపించి, అప్పుడు సంతకం పెట్టొచ్చు. ఆ ఖర్చు మధ్యలో ఇల్లు మారే ఖర్చు కంటే తక్కువే. ఒప్పందం మధ్యలో వదిలేస్తే చాలా చోట్ల రెండు నెలల అద్దె జరిమానాగా రాసి ఉంటుంది. ఆ వాక్యం ఎక్కడుందో వెతికి చదవండి. అది లేకపోతే ఇంకా జాగ్రత్త, ఒక్కరి ఇష్టంతో ఏడాది ఒప్పందాన్ని తెంచే హక్కు ఎవరికీ ఉండదు. చెక్కులు ఇంటి పత్రంలో ఉన్న యజమాని పేరు మీదే రాయండి, ఏజెంట్ పేరు మీదగానీ నగదుగాగానీ ఇవ్వకండి.

ఏడాది తిరిగాక మళ్లీ అదే ప్రశ్న వస్తుంది, ఉండాలా మారాలా అని. దుబాయ్‌లో అద్దె పెంచాలంటే యజమాని గడువుకి 90 రోజుల ముందే చెప్పాలి. చెప్పినా ఇష్టమొచ్చినంత కుదరదు. 2013 నాటి 43వ డిక్రీ ప్రకారం మీ అద్దె ఆ ఏరియాలో అలాంటి ఇళ్ల సగటు కంటే 10 శాతం లోపు మాత్రమే తక్కువగా ఉంటే పైసా పెంచకూడదు, ఎంత తక్కువున్నా పెంపు 20 శాతం దాటకూడదు. సగటు ఎంతో భూమి శాఖ రెంటల్ ఇండెక్స్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మిమ్మల్ని ఖాళీ చేయించి ఇల్లు అమ్ముకోవాలన్నా, తానే ఉండాలన్నా నోటరీ ద్వారానో రిజిస్టర్డ్ పోస్టులోనో 12 నెలల ముందు నోటీసివ్వాలి, వాట్సాప్ మెసేజీ చాలదు. తగువొస్తే రెంటల్ డిస్ప్యూట్స్ సెంటర్ ఉంది. షార్జా నియమాలు వేరు, అక్కడ మొదటి మూడేళ్లు అద్దె పెంచడానికి వీల్లేదు.

మొదటి ఒప్పందం రాసేటప్పుడే దాని గడువు మార్చి చివరకి వచ్చేలా చూసుకోగలిగితే ఇంకా మంచిది. భారతీయ బడుల్లో కొత్త తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. ఇల్లు మారాల్సి వస్తే బడితో పాటే మారొచ్చు, బస్సు రూటు మధ్యలో మార్పించుకునే బాధ తప్పుతుంది. మీరు చేరింది ఆగస్టులో అయితే యజమానిని ఏడెనిమిది నెలల ఒప్పందానికి అడిగి చూడండి. కొంతమంది ఒప్పుకుంటారు, ఎక్కువమంది ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే రెండో ఏడాది రెన్యువల్‌లో ఆ నెలలు సర్దుకోమని ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి.